చివరి గదిలో ఎర్ర మంట

తిరుపతిలో ఆ యూనివర్సిటీ ఫిజిక్స్ బిల్డింగులో చివరి గదికి మంచి పేరు లేదు. రాత్రి పది దాటాక అటు పోవద్దని గేటు బయట టీకొట్టు వాళ్ళు కూడా చెప్పేవాళ్ళు. లైట్లు వెలగవు. తలుపు లోపల గడియ వేసే ఉంటుంది. ఎవరో ఆగకుండా చిటికెలు వేస్తున్నట్టు టక్ టక్‌మని చప్పుడు... కిటికీ అద్దం మీద నీలం వెలుగు వచ్చి పోతూ... ఇది రెండువేల మూడు నాటి మాట. విన్నవాళ్ళు ఒట్టేసి మరీ చెబుతారు.

ఆ గదిలో రాత్రుళ్ళు ఒంటరిగా గడిపే మనిషి ఒకతి ఉంది. చంద్రగిరి పిల్ల ప్రశాంతి, పీహెచ్‌డీ చేస్తోంది. చప్పుడు ఆమె లేజరుది, వెలుగూ దానిదే. గాలి లాగేసిన ఉక్కు డబ్బాలో తెల్లటి జింక్ ఆక్సైడ్ బిళ్ళ పెట్టి సెకనుకు పదిసార్లు లేజరుతో కొడితే, బిళ్ళ మీంచి ఆవిరి నీలం మంటలా లేచి ఎదురుగా ఉన్న గాజుపలక మీద పేరుకుంటుంది. వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండని పొర. పగలు కరెంటుకు నిలకడ లేదు గనక రాత్రిళ్ళే గతి. మంట రంగు బాగా తెలియాలని లైట్లు ఆర్పేసుకునేది. దెయ్యం మాట వింటే ఆమెకు నవ్వొచ్చేది.

ఆ రోజు మాత్రం నవ్వే ఓపిక లేదు. ముందు రాత్రి కరెంటు పోయి పనంతా చెడింది. లేజరులో గ్యాసు ఇంకొక్క రాత్రికే వస్తుంది. తెల్లారి ఆరింటికి ఆమె గైడు యోగానంద సారు మద్రాసు బస్సెక్కుతాడు. అక్కడి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దగ్గర ఆరు నెలలు తిరిగితే దొరికిన తేదీ అది. సారు చేతిలో పొర పెట్టలేకపోతే ఇంకో ఆరు నెలలు ఆగాలి. అప్పటికి స్కాలర్‌షిప్ అయిపోతుంది, చదువు అక్కడితో సరి.

మూడు రాత్రుల నిద్ర లేని కళ్ళతో, స్టీలు డబ్బాలో దూది మధ్య ఉన్న బిళ్ళను తీసి లేజరు ముందు బిగించింది. వేళ్ళకు పొడి అంటింది. ఎందుకంటిందా అని ఆలోచించలేదు. ఉక్కు డబ్బాలో గాలి లాగే పంపు వేసి నాలుగు గంటలు కాచుకుంది.

పదకొండయింది. తెల్లకోటు తొడుక్కుని, లేజరు కళ్ళకు తగలకుండా నల్లచట్రం పెద్ద కళ్ళద్దాలు పెట్టుకుని, లైటు ఆర్పి, లేజరు వదిలింది.

టక్... టక్... టక్...

మంట లేచింది. నీలం కాదు — ఎరుపు.

ప్రశాంతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే... విభూతి వాసన. ఈ గదిలో విభూతి ఎక్కడిది? ఇంతలో తలుపు అవతల ఎవరో గొణుగుతున్నారు. గడియ కదిలింది...

లేజరు ఆపి, కళ్ళద్దాలు లాగేసి, లైటు వేసి తలుపు తీసింది. టార్చి పట్టుకుని గంగాధరం. ఐరాల నుంచి వచ్చి పది రోజులుగా రాత్రి కాపలా కాస్తున్నాడు. పాత వాచ్‌మన్ పోతూ పోతూ ఈ అమ్మాయి సంగతి చెప్పలేదు. గంగాధరం నొసలు కందిపోయి ఎర్రగా ఉంది.

"నొసలు అట్లయిందేమన్నా?"

"ఈ గదిలో ఉండే విభూతి పెట్టుకున్నాను పాపా. ఎంత రుద్దినా రాలదు. తోలు లేస్తా ఉండాది."

ప్రశాంతి తన వేళ్ళకు అంటిన పొడి వైపు చూసుకుంది.

ఆయన గుసగుసగా చెప్పుకొచ్చాడు. వచ్చిన రోజు నుంచీ కిటికీలో దాన్ని చూస్తున్నాడు. తెల్లబట్టలు, నీలం మొహం, కళ్ళ చోట నల్లగుంతలు. కాణిపాకంలో కొన్న తన విభూతి బిళ్ళ దాని ముందు పని చేయలేదు. ఈ ఉదయం గదికి తాళం వేయబోతే బల్ల మీద డబ్బాలో, దూదిలో భద్రంగా తెల్ల బిళ్ళ కనబడింది. ఇక్కడి చదువుకున్నోళ్ళు ఈ విభూతి బలంతోనే దెయ్యం పక్కన బతుకుతున్నారని తేలిపోయింది. దాన్ని తీసుకున్నాడు. దేవుడి వస్తువు ఊరికే తీసుకోకూడదని తన బిళ్ళను అక్కడ పెట్టాడు. ఈ రాత్రి నీలం వెలుగు ఎర్రబడేసరికి, కొత్త విభూతి ఉందన్న ధైర్యంతో తలుపు దాకా వచ్చాడు.

విభూతిలో ఉండే సున్నం ఎర్రగా మండుతుందని ప్రశాంతికి అప్పుడు గుర్తొచ్చింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"ఆ బిళ్ళ యాడుందన్నా?"

చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. బిళ్ళకు ఏమీ కాలేదు. కొలిమిలో కాల్చిన బిళ్ళ అది, నొసటికి రుద్దితే అరుగుతుందా?

విభూతి బిళ్ళ తీసేసి, గాజుపలక మార్చి, తన బిళ్ళను తుడిచి బిగించి, మళ్ళీ పంపు వేసింది. వెళ్ళి పడుకోమంటే గంగాధరం కదల్లేదు.

"ఒక్కదానివే ఉండొద్దు పాపా. అది మళ్ళా వస్తాది," అని గుమ్మంలో వీపు తిప్పి కూర్చున్నాడు. అంత భయంలోనూ టార్చి వరండా వైపు పట్టుకున్నాడు. పాపం, ప్రశాంతికి కళ్ళు చెమర్చాయి.

మూడున్నరకు కళ్ళద్దాలు పెట్టుకుంది. లైటు ఆర్పింది.

టక్... టక్... టక్...

నీలం. నికార్సయిన నీలం మంట. ఆనందం పట్టలేక గుమ్మం వైపు తిరిగింది.

"అన్నా... సూడు, వచ్చింది."

గంగాధరం తిరిగి చూశాడు. టార్చి కింద పడింది.

"పాపా... నువ్వు యాడ ఉండావు?" అన్నాడు.

"ఈడనే ఉండాను కదన్నా," అంది తెల్లబట్టల్లో, నీలం మొహంతో, కళ్ళ చోట నల్లగుంతలతో నిలబడిన ఆకారం.

ఆ మాట అన్నాక గానీ, పది రోజులుగా ఆయన్ని భయపెడుతున్నది ఎవరో ఆమెకు తట్టలేదు. గబగబా కళ్ళద్దాలు తీసేసింది.

ఆరింటికి సారుతో పాటు పొర బస్సెక్కింది. బస్సు కదిలాక గంగాధరం ప్రశాంతి మొహంలోకి ఒకసారి, కోటు జేబులోంచి తొంగిచూస్తున్న కళ్ళద్దాల వైపు ఒకసారి చూసి చెయ్యి చాపాడు.

"నా బిళ్ళ నాకిచ్చేయి పాపా. ఎందుకైనా మంచిది."