గూట్లోని వాచీకి గుండెదడ

గంగాబాయి చేపట్టిన కేసు తేలకుండా పోయిందన్న మాట ముంబై కామాఠిపురా గల్లీల్లో ఎక్కడా వినపడదు. మనిషి చెప్పు అరిగిన తీరు చూసి అతని మేనమామది ఏ ఊరో చెప్పేస్తుంది. గ్రాంట్ రోడ్‌లో రైలు దిగినవాడు స్టేషన్ మెట్లెక్కేలోగా, పెళ్లానికి ఏ అబద్ధం చెప్పి బయల్దేరాడో పసిగట్టేస్తుంది.

వరస గదుల చాల్‌లో మొదటి అంతస్తు గది ఆమె ఆఫీసు. ఎక్కువగా పెళ్లి సంబంధాల వాకబు పని. ఆమె సహాయకుడు తుకారాం రిటైరైన పోస్ట్‌మన్. మరాఠీవాడే అయినా నలభై ఏళ్లు ఈ గల్లీల్లో ఉత్తరాలు పంచి తెలుగు ఒంటబట్టించుకున్నాడు. గంగాబాయి తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని అతని నమ్మకం.

శుక్రవారం సాయంత్రం పోచమ్మ వచ్చి గడపలోనే కూలబడింది. వెనక ఆమె కొడుకు శివ నిలబడ్డాడు. టైల్స్ పరిచే పనివాడు. గోళ్ల సందుల్లో వైట్ సిమెంట్ ఇంకా పోలేదు.

"అక్కా, నన్ను దొంగను జేసిండ్రు," అంది పోచమ్మ.

తుకారాం మంచినీళ్లు ఇచ్చాక విషయం బయటికొచ్చింది. పోచమ్మ వర్లిలో ఒక పెద్ద టవర్లో పదకొండేళ్లుగా మెట్లు, వరండాలు ఊడ్చి తుడుస్తోంది. ఈమధ్య కాంట్రాక్టరు పనివాళ్లందరికీ స్మార్ట్‌వాచీలు ఇచ్చాడు. చేతికున్నంతసేపు అది నాడి చూస్తుంది, అడుగులు లెక్కపెడుతుంది. చేతినుంచి తీస్తే సూపర్‌వైజర్ ఫోన్‌కు కబురందుతుంది.

"సోమారం సంది దినాం ఇరవైసార్లు వాచీ తీసినవంటడు. నాతోని పనిజేసే నీతకిచ్చి నువ్వేడనో కూసుంటున్నవంటడు. వచ్చే సోమారం ఇద్దర్నీ తీసేస్తరట. దగా జేసిందని పేరు వడ్డంక నన్నెవరు పనికి వెట్టుకుంటరక్కా?"

"తీసినవా?"

"ఎల్లమ్మ తోడు, తానానికి తప్ప తియ్యలే! ఇదంత ఆ నీత పనే. నా అంతస్తుల మీద దానికి ఎప్పటిసంది కన్నున్నది."

"పోనీ తియ్యమ్మా," అన్నాడు శివ, గోడకేసి చూస్తూ. "ఇంకో పని జూస్కుందం. పా, లేటయితుంది."

గంగాబాయి వాచీని చేతిలోకి తీసుకుంది. "ఇది కంపెనీ ఇచ్చిన పట్టా కాదే?"

"రబ్బరు పట్టా కిందికి సబ్బునీళ్లు చేరి చెయ్యి పుండయింది. నెల కింద నాగ్‌పాడాల స్టీల్ చైన్ ఏపిచ్చుకున్న. సూపర్‌వైజరును అడిగే ఏపిచ్చిన. నా చెయ్యి సన్నమని దుకాణమాయన మూడు లింకులు తీసి పొట్లం గట్టిచ్చిండు. ఇంట్ల గూట్ల వెట్టిన."

"ఇప్పుడు వదులుగున్నది గదా?"

"చిక్కిపోయిన గదక్కా, దిగులుతోని. సోమారం పొద్దుగాల ఏసుకుంటుంటేనే జారింది."

గంగాబాయి భూతద్దం పెట్టింది. ఫినాయిలు నీళ్లకు చైన్ అంతా మసకబారింది. కొక్కెం పక్కన రెండు లింకులు మాత్రం కొత్త గిన్నెల్లా మెరుస్తున్నాయి. వాటి సందులో ఏదో తెల్లటి పొడి ఉంది.

"తుకారాంభావూ, ఏందది?"

తుకారాం వేలితో రాసి, నాలిక్కి తగిలించుకుని, గంభీరంగా, "ఉప్పు కాదు బాయి," అన్నాడు.

మర్నాడు వర్లికి బస్సులో వెళ్తుంటే అతను ధైర్యం చెప్పాడు. "మనకు తప్పిన కేసు లేదు బాయి."

"రెండున్నయి," అంది గంగాబాయి.

ఉన్నమాట చెప్పాలంటే మూడు. ఒకటి మిఠాయి దుకాణం వాళ్ల చిలక. వాకబు సాగుతుండగానే తనంతట తనే ఇంటికొచ్చేసింది. రెండోది ఒక పెళ్లికొడుకు. బుద్ధిమంతుడని ఈమె రాసిచ్చిన వారానికే పరారయ్యాడు. మూడోది ఆమె సొంత కళ్లజోడు. దాని మీద దర్యాప్తు ఇప్పటికీ నడుస్తోంది. మొదట్లో చెప్పిన గొప్పలోంచి ఈ మూడూ తీసేసుకోవాలి.

సూపర్‌వైజర్ ప్రతీక్ పాతికేళ్ల కుర్రాడు. గంగాబాయిని మరాఠీలో పిన్నీ అని పలకరించి, ఫోన్ తెరిచి చూపించాడు.

"నాకేం సరదానా మావుషీ? ఫోన్లో వచ్చింది పైకి పంపకపోతే నా ఉద్యోగం పోతుంది. చూడండి, సోమవారం నుంచి ఎన్నిసార్లు తీసిందో."

"ఆదివారం సంగతి చూపించు."

"ఆరోజు ఆమెకు సెలవు. అరే, సాయంత్రం మాత్రం ఎవరో పెట్టుకున్నారు. అందులో ఐదు నుంచి ఆరు దాకా అడుగులు తొమ్మిదే. గుండె నిమిషానికి నూట ముప్పై."

"మెట్లెక్కితే కొట్టుకోవాలి అంత," అన్నాడు తుకారాం. "కూర్చున్నచోట నూట ముప్పయ్యా? జ్వరమేమో బాయి."

"జ్వరమే," అంది గంగాబాయి, నవ్వు దాచుకుంటూ. "రేపు పొద్దున ఒక్క గంట మా గల్లీకి రా నాయనా. ఆ నీతను కూడా తీసుకురా."

ఆదివారం పొద్దున ఆ చిన్న గదిలో అందరూ ఇరుక్కుని కూర్చున్నారు. నీత పోచమ్మ వైపు చూడలేదు. శివ నిండు చేతుల చొక్కా గుండీలు సవరించుకుంటూ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"పోచమ్మా, వాచీ పెట్టుకో. ఈ బకెట్టు, ఈ గుడ్డ తీసుకో. దినాం తుడిచినట్టే తుడువు," అంది గంగాబాయి. "ప్రతీక్, ఫోన్ చూస్తుండు."

పోచమ్మ వంగింది. నీళ్లలో చెయ్యి పెట్టబోతూ, అలవాటుగా, గాజులతోపాటు వాచీని కూడా మోచేతివైపు ఎగదోసింది. ఫోన్ టింగుమంది.

"తీసేసిందని వచ్చింది!" అన్నాడు ప్రతీక్, పోచమ్మ చేతికే ఉన్న వాచీని చూస్తూ.

"తియ్యలేదు. పైకి తోసింది. వాచీ పక్కకు తిరిగి చర్మాన్ని వదిలేసింది. మా ఆడవాళ్లు గాజులను ఎట్ల తోస్తరో వదులైన చైన్‌ను గట్లనే తోస్తరు. రోజుకు ఇరవై బకెట్లు, ఇరవై టింగులు. బిగుతుగున్నప్పుడు అది కదిలేది కాదు, అందుకే నెలదాకా ఏ గొడవా లేదు. మరి వదులెట్లయింది? దిగులుతో చిక్కిందనుకుందామంటే, చైన్ సోమవారం పొద్దుటే జారింది. దిగులు ఆ తర్వాత వచ్చింది. రెండు లింకులు కొత్తగా మెరుస్తున్నయంటే, ఫినాయిలు ముఖం చూడకుండ పొట్లంలో ఉన్నవే. ఎవరో తిరిగి తగిలించిండ్రు. ఆ చెయ్యి పోచమ్మ చెయ్యి కన్నా లావు. ఆ చేతికి వైట్ సిమెంట్ ఉంది."

నీత మొదటిసారి తలెత్తింది.

"పోచమ్మా, పోయిన ఆదివారం సాయంత్రం యాడున్నవ్?"

"వర్లిల పిల్లను జూడవోయినం, మా శివగానికి. హారికని, మంచి పిల్ల. వాచీ గూట్లనే వెట్టి పోయిన."

"గూటికి గుండె లేదు గదనే. ఆ గంటసేపు ఎవరో కదలకుండ కూర్చున్నరు, గుండె మాత్రం నూట ముప్పై కొట్టింది. పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకుకు తప్ప ఎవరికి కొడుతుంది అట్ల?"

శివ గుండీలు సవరించడం ఆపేశాడు.

"చొక్కా చేతుల కింద దాచి తీస్కపోయిన," అన్నాడు, మెల్లగా. "అమ్మ జూడనప్పుడు, చాయ్ కప్పు అందుకునేటప్పుడే బయటవెట్టిన. ఆ పిల్ల ఆఫీసుల కూసోని పని చేస్తది. నా చేతులు జూస్తే అంత సిమెంటే. వాచీ ఉంటే చేతుల్ని గాదు, వాచీని జూస్తదనుకున్న. ఇంటికొచ్చి లింకులు తియ్యబోతే పిన్ను రాలే. సుత్తె పెట్టి గొట్టినా రాలే. గట్లనే గూట్ల వెట్టిన."

"లింకు లోపల బాణం గుర్తుంటది బిడ్డా. పిన్నును దానికి ఎదురు దోపినవ్." గంగాబాయి అవతలి వైపునుంచి దబ్బనం పెట్టి నొక్కింది. పిన్ను జారి తుకారాం ఒడిలో పడింది. "అమ్మకు పని పోతదని తెలిసినంక కూడ ఎందుకు చెప్పలే?"

"వాచీ అమ్మదని వాళ్లకు తెలిస్తే సంబంధం పోతదని... దినాం పొద్దుగాల చెప్దామనుకునేటోణ్ణి. నోరు రాకపోయేది."

పోచమ్మ కొడుకును కొడుతుందేమోనని తుకారాం బకెట్టు పక్కకు జరిపాడు. ఆమె కొట్టలేదు. శివ చెయ్యి లాగి తన ఒళ్లో పెట్టుకుంది.

"గీ చేతులకేమయిందిరా? ఎందరి ఇండ్లల్ల నేలలు అద్దమోలె జేసినయి! ఇవి నచ్చనోళ్లు మనకెందుకురా?" తర్వాత నీత వైపు తిరిగింది. "నిన్ను అనరాని మాటలన్న. మాఫ్ జెయ్యే."

"మాఫీ గీఫీ వద్దు. వారం దినాలు నా బకెట్ నువ్వే మొయ్యి," అంది నీత. కానీ జరిగి పోచమ్మ పక్కన కూర్చుంది.

రెండు లింకులూ తీశాక పోచమ్మ గదంతా మళ్లీ తుడిచింది. వాచీ మణికట్టు మీదే నిలిచింది. ఫోన్ మూగగా ఉండిపోయింది. ప్రతీక్ అక్కడే నిలబడి ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నానని రాసి పైకి పంపాడు. పోచమ్మకు చేతులు జోడించి, "మావుషీ, అడక్కుండా అనుమానించాను. తప్పు నాదే," అన్నాడు.

ఈ కథలో నేను కల్పించింది అదొక్కటే. ప్రతీక్ చేతులూ జోడించలేదు, తప్పనీ అనలేదు. "రేపు టైముకి రండి," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. పోచమ్మకు ఆ మాటే చాలింది. నాకే చాల్లేదు.