లైన్‌కి ఇంకో అర్థం

"కోడ్ వర్డ్, లైన్," అంది చీఫ్ గంగాభవాని. మద్దిలపాలెంలో కుట్టుమిషన్ల షాపు పైనున్న ఆఫీసు అది. "ఫోన్‌కీ లైనే, కరెంటుకీ లైనే, రైలుకీ లైనే. రేషన్ షాపు ముందు నిలబడ్డా లైనే. రేవులో ఓడని కట్టే తాడూ లైనే. ఎవడు విన్నా అనుమానం రాదు. 'లైన్ బిజీ' అంటే ఆగు. 'లైన్ కట్' అంటే పట్టుకో."

ఏజెంట్ అర్జునరావు తలూపాడు. ఆవిడ ఒక అర్థం వదిలేసింది. అదేమిటో రేవులో అడుగుపెట్టాక అతనికి తెలిసొచ్చింది.

పని చిన్నదేం కాదు. మన జలాంతర్గామి నీళ్ళలో చేసే చప్పుడు రికార్డింగుని ఎవరో దొంగిలించారు. ఆ చిప్ విదేశీ ఓడెక్కిందంటే సముద్రంలో మనవాళ్ళు ఎక్కడ దాక్కున్నా దొరికిపోతారు. చేరవేసేది షిప్పింగ్ ఏజెంట్ నవీన్. అతని ముఠాలో చేరి మనకి కబుర్లందిస్తున్న డబుల్ ఏజెంట్ శ్రీసత్య. అర్జునరావుది తాళ్ళు కట్టే కూలీ వేషం, హెల్మెట్‌లో మైకు, ఇయర్‌ఫోను.

నిరుడంతా బీచ్‌లో అతనితో మురీ మిక్సర్ తిన్న శ్రీసత్య ఇప్పుడు ఎర్ర చీరలో, నల్ల కళ్ళద్దాల్లో, సెంటు గుబాళిస్తున్న నవీన్ పక్కన నవ్వుతోంది.

"సూశావేటి బావా?" అన్నాడు తోటి కూలీ సన్యాసిరాజు. "ఆ సెంటు బాబు మేడమ్‌కి లైనేత్తన్నాడు."

"అయితే నాకేటి?" అన్నాడు అర్జునరావు.

ఒళ్ళు మాత్రం భగ్గున మండింది. అదంతా నాటకమని తెలుసు. తెలిసి ఏం లాభం? నవీన్ చెయ్యి ఆమె భుజం మీద పడినప్పుడల్లా, అర్జునరావు చేతిలో తాడు నలిగిపోయేది.

ఓడ బయలుదేరే సాయంత్రం శ్రీసత్య గొంతు చెవిలో వినిపించింది. "చిప్ నల్ల బ్యాగులో ఉందన్నాడు నవీన్. బ్యాగునే కనిపెట్టుకుని ఉండండి."

అందరూ బ్యాగునే చూశారు. అర్జునరావు కళ్ళు అలవాటుగా శ్రీసత్య భుజం మీదికి పోయాయి. వారంగా అక్కణ్ణుంచి కదలని చెయ్యి ఇవాళ లేదు. ఏమైనట్టు?

"లైన్ కట్!" అంది చీఫ్. మఫ్టీవాళ్ళు ఓడ మెట్ల దగ్గర నవీన్ గుమాస్తా చేతిలోంచి బ్యాగు లాక్కుని తెరిచారు. మాడుగుల హల్వా!

ఈలోగా మెట్లెత్తేసి, తాళ్ళు వదిలేసి ఓడ కదిలింది. ఆ చెయ్యి కోసమే వెతుకుతున్న అర్జునరావుకి, రేవు అంచున నవీన్ ఒక సన్నతాడుని గిరగిరా తిప్పుతూ కనిపించాడు. దాని చివర గుండులా బిగించిన పెద్ద ముడి. ఓడ వచ్చేటప్పుడు ఓడవాళ్ళు ఒడ్డుకి విసిరే తాడది. వెళ్ళిపోయే ఓడకి ఒడ్డు నుంచి విసరడమేమిటి?

గుండు గాల్లోకి లేచింది. అర్జునరావు ఒక్క దూకు దూకి, కొక్కెం కర్రతో తాడుని అందుకుని వెనక్కి గుంజాడు. గుండు ఓడ అంచుకి తగిలి వచ్చి అతని కాళ్ళ దగ్గర పడింది. ముడి విప్పితే చిప్. నవీన్‌కి బేడీలు పడ్డాయి.

"అందరూ బ్యాగు చూస్తుంటే నీకు వాడి చెయ్యెలా కనబడింది?" మర్నాడు అడిగింది గంగాభవాని.

"ట్రైనింగ్, మేడమ్."

శ్రీసత్య ఫక్కుమంది. "మైకు ఆన్‌లోనే ఉంది మేడమ్. వారమంతా ఈయన పళ్ళు నూరడం నాకూ వినబడింది."

గంగాభవాని కొత్త ఫైలు తెరిచింది. "వచ్చే మిషన్‌లో శ్రీసత్యకి మొగుడి వేషం ఏజెంట్ మోహనకృష్ణది."

"మరి నాను?"

"నువ్వు కాపలా. నీ ఒళ్ళు మండితేనే కదయ్యా మా పని జరిగేది."