ఉంచాలా, తీసెయ్యాలా

పొద్దున పదకొండింటికి డిటెక్టివ్ గది తలుపు తోసుకుని వచ్చిన యువకుడి పెదవి చిట్లి ఉంది. చొక్కా ముందు భాగమంతా రక్తం. కుర్చీ చూపించినా కూర్చోకుండా కిటికీ దగ్గరికి వెళ్ళి, కిందికి తొంగి చూసి, గబుక్కున తెర లాగేశాడు.

"ఆ అమ్మాయి ఇంకా కిందే ఉందండి. హెల్మెట్‌తో మొహం మీద కొట్టింది. దిగితే మళ్ళీ కొడుతుంది."

డిటెక్టివ్‌ని అందరూ నిదానం గారనే పిలుస్తారు. ఇల్లు తగలబడుతోందన్నా చెప్పులు సరిగ్గా తొడుక్కునే లేచే మనిషి. ఆయన సహాయకురాలు ఇరవై రెండేళ్ళు ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా చేసి వచ్చింది. ఆయన ఆమెను సిస్టర్ అంటాడు. ఆయనకు తెలియంది ఈ లోకంలో లేదని ఆమె నమ్మకం. ఆమె దూది తడిపి యువకుడి పెదవి మీద అద్దింది.

"ఎవరా అమ్మాయి?" అన్నాడు నిదానం.

"మొన్న లైబ్రరీలో చంపేశారే, కామా గారు, ఆయన కూతురు. అంబులెన్స్ నడుపుతుంది. వాళ్ళ నాన్నని నేనే చంపానంటోంది. పోలీసులూ ఇవాళో రేపో నన్ను లోపలేస్తారు."

"మీరే చంపారా?"

"లేదండి."

"అయితే కూర్చోండి. మొదట్నించీ చెప్పండి."

అతను ప్రచార రచయిత. కంపెనీలకు, పెద్దమనుషులకు కావలసిన పొగడ్తలు రాసిపెడతాడు. ఒక బాయిలర్ల కంపెనీ స్థాపించిన పెద్దాయనకు డెబ్బై అయిదేళ్ళు నిండబోతున్నాయి. ఆ సందర్భంగా ఆయన పేరు మీద ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఒక పేజీ ఉండాలని కొడుకు ముచ్చటపడ్డాడు. రచయిత రాసి ఎక్కించాడు. మర్నాడే ఆ పేజీ నెత్తిన ఒక నోటీసు వేలాడింది: ఈ వ్యాసం తొలగించాలని ప్రతిపాదన.

నోటీసు పెట్టినాయన ఒక పత్రికలో ప్రూఫ్‌రీడర్‌గా చేసి రిటైరైన మనిషి. విజ్ఞాన సర్వస్వానికి ఊరికే పనిచేసిపెట్టే వందల మందిలో ఒకడు. కామా ఒకటి తేడా వచ్చినా ఊరుకోడు కాబట్టి కామా గారన్న పేరు వచ్చింది.

"వాళ్ళ నియమం ఏమిటంటేనండి, ఆ మనిషితో ఏ సంబంధమూ లేనివాళ్ళు ఆయన గురించి వివరంగా ఎక్కడో రాసి ఉండాలి. నేను పద్నాలుగు వార్తలు చూపించాను. పద్నాలుగూ నేను పంచిన కాగితాలే, పత్రికలు పేరు మార్చి వేసుకున్నాయి. ఒక్క రోజులో పట్టేశాడు. ఏడు రోజులు చర్చ నడుస్తుంది, ఉంచాలా తీసెయ్యాలా అని. నాకు ఒళ్ళు మండిపోయి అక్కడే రాసేశాను."

"ఏమని?"

యువకుడు తల దించుకున్నాడు. "ఆ పేజీ జోలికొస్తే చేతులు విరుగుతాయని. ఆయన శవానికి కుడిచేతి వేళ్ళు నాలుగూ విరిగి ఉన్నాయటండి."

*

లైబ్రరీ వెనకవైపు, పాత పత్రికల గదికి సందులోకి వేరే తలుపుంది. మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు ముందు హాలు మూసేస్తారు. హత్య ఆ గంటలోనే జరిగింది. పుస్తకాలు కుట్టి బిగించే ప్రెస్‌కు ఉండే ఇనుప పిడి ఊడదీసి, తల మీద ఆరుసార్లు కొట్టారు. నేల కడిగారు గానీ ఫ్యాను రెక్కల మీది చుక్కలు అలాగే ఎండిపోయాయి. బల్ల కింద, పోలీసులు సుద్దతో గీసిన గుండ్రటి గీత దగ్గర ఇన్‌స్పెక్టర్ ఆగాడు.

"ఇక్కడ ఆయన పై పళ్ళ సెట్టు పడి ఉంది. నడిమికి విరిగింది. ముందు పన్ను ఒకటి లేదు, అది ఎప్పట్నించో లేదట. దెబ్బకి ఊడి ఉంటుంది. చేతులు విరగ్గొడతానన్నాడు, విరగ్గొట్టాడు. ఇంకేం కావాలండీ మీకు?"

"వేళ్ళు ఎటు విరిగాయి?" అంది సిస్టర్.

"వెనక్కి. ఒక్కొక్కటీ."

సిస్టర్ ఏదో అనబోయి, నిదానం మొహం చూసి ఊరుకుంది.

లైబ్రేరియన్ గుమ్మం దాటి లోపలికి రాలేదు. "ఆ రోజు పొద్దున నా బల్ల మీద ఫోన్ తీసుకున్నారండి. ఎవరికి చేశారో తెలీదు. 'రాసే ముందు మీ మాట కూడా వినడం ధర్మం కదండీ' అన్నారు. అంత మర్యాదగా మాట్లాడే మనిషి. నేనే చూశాను మొదట. తల ఉండాల్సిన చోట..." 

నిదానం అలమరల ముందు మెల్లగా నడిచాడు. ఏడాదికి ఒక సంపుటం చొప్పున కుట్టిన పత్రికలు, అన్నిటి మీదా వేలెడు దుమ్ము. ఒక్కదాని మీద మాత్రం లేదు. అది ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందటిది. తెరిచి చూస్తే ఆరు చోట్ల పేజీలు కుట్టు దాకా కోసి ఉన్నాయి.

*

కంపెనీ ఆఫీసులో పెద్దాయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. యాభై దాటిన కొడుకే మాట్లాడుతున్నాడు. అతని కుడి బొటనవేలికి కట్టు ఉంది.

"వేలికేమైంది బాబూ?" అంది సిస్టర్.

"కారు తలుపులో పడింది. టైము బాగోనప్పుడు అన్నీ ఇలాగే తగులుతాయి." అతను నవ్వాడు.

"ఆ రచయితను మీరే పెట్టుకున్నారా?" అన్నాడు నిదానం.

"నేనే. ముచ్చటపడి పెట్టుకుంటే మెడకి చుట్టుకున్నాడు. ఆ బెదిరింపు రాయమని మేం చెప్పలేదండి. అయినా మాకు ఆ ముసలాయన మీద పగేముంటుంది? చివరికి ఉంచమనే అన్నాడుగా. తన పని తాను చేసుకున్నాడు, పాపం."

"కంపెనీ పెట్టి ఎన్నాళ్ళయింది?"

"ముప్ఫై నాలుగేళ్ళు," అన్నాడు పెద్దాయన, కిటికీ నుంచి చూపు తిప్పకుండా.

"ఇరవై ఎనిమిది, నాన్నా," అన్నాడు కొడుకు. "వయసు మీద పడింది. ఈమధ్య లెక్కలు తప్పుతున్నారు."



బయటికొచ్చాక సిస్టర్ ఉండబట్టలేకపోయింది. "సార్, కారు తలుపులో పడితే ముందు గోరు నల్లబడుతుంది. కట్టు చివర గోరు కనబడుతోంది. తెల్లగా ఉంది. వాపంతా కింద కణుపు దగ్గరుంది."

"ఇందాక వేళ్ళ సంగతి కూడా ఏదో చెప్పబోయారు."

"కొడితే వేళ్ళు నలుగుతాయి సార్. ఒక్కొక్కటీ వెనక్కి విరిగాయంటే, పిడికిలి విప్పదీశారన్నమాట. ఆయన ఏదో గట్టిగా పట్టుకుని వదల్లేదు."

నిదానం రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. వెనక వచ్చిన ఆటోవాడు తిట్టుకుంటూ పక్కనుంచి పోయాడు.

"మీరు లేకపోతే నేను ఈ పని మానుకుని కూర్చోవాలి, సిస్టర్," అన్నాడు.

*

కామా గారి కూతురు అంబులెన్స్ మెట్టు మీద కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయి. వీళ్ళను చూసి లేవలేదు.

"వాడి తరఫున వచ్చారుగా. వెళ్ళండి."

"మీ నాన్నగారిని చంపినవాడు దొరకాలని వచ్చానమ్మా. అది మీరు కొట్టిన కుర్రాడైతే వాడినే పట్టిస్తాను."

ఆమె మెట్టు మీద కాస్త పక్కకి జరిగింది. "ఆ కబురు వచ్చినప్పుడు బండి నాదేనండి. లైబ్రరీలో ఎవరో పడిపోయారు, రమ్మన్నారు. స్ట్రెచర్ తీసుకుని లోపలికెళ్ళాను. చొక్కా చూసి గుర్తుపట్టాను. మొహం చూసి కాదు."  సిస్టర్ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

ఆసుపత్రి వాళ్ళు ఆమెకిచ్చిన సంచిలో వాచీ, కలం, కళ్ళజోడు పెట్టె ఉన్నాయి. పెట్టెను ఎవరూ తెరిచినట్టు లేదు. అందులో కళ్ళజోడు కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. పోలీసులకిచ్చేముందు నిదానం దాన్ని రెండుసార్లు చదివాడు.

"చర్చ పేజీ ఒకసారి చూడండి, సిస్టర్. కామా గారు చివరగా అక్కడ ఏమన్నారు?"

ఆమె ఫోన్‌లో చూసింది. "తొలగించాలి. అంతే సార్. దాని తర్వాత ఏమీ రాయలేదు."

*

మర్నాడు పదింటికి అందరూ ఆ పత్రికల గదిలోనే కూర్చున్నారు: పెద్దాయన, కొడుకు, రచయిత, కామా గారి కూతురు, లైబ్రేరియన్. ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గర నిలబడ్డాడు. కాగితాలు కోసే కత్తి, సూదులు, జిగురు బైండింగ్ బల్ల మీద ఎప్పటిలాగే ఉన్నాయి.

"పేజీ ఉండాలని కోరుకున్న మనిషే ఈ హత్య చేశాడని అందరం అనుకున్నాం," అన్నాడు నిదానం. "నేనూ ఒక పూట అలాగే అనుకున్నాను. నిజం తిరగేసి ఉంది. పేజీ ఉండకూడదనుకున్న మనిషి చేశాడు."

ఆయన ఇన్‌స్పెక్టర్ దగ్గర్నించి తెచ్చుకున్న కాగితం తీశాడు. "ఇది కామా గారి రాత. 'నా అభిప్రాయం మార్చుకుంటున్నాను. ఈ వ్యవస్థాపకుడి గురించి వ్యాసం ఉంచాలి. సంబంధం లేనివాళ్ళు వివరంగా రాసిన ఆధారాలు దొరికాయి.' కింద ఆరు తేదీలు. ఆ ఆరు తేదీల పేజీలే ఇక్కడ కోసేశారు. కోసినవాడికి తెలియని సంగతి, పత్రిక ఆఫీసులో ఇంకో కట్ట ఉంటుంది. నిన్న సాయంత్రం చదివి వచ్చాను."

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట వీరి మొదటి షెడ్డులో బాయిలర్ పేలింది. నలుగురు మనుషులు నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే ఉడికిపోయారు. ఆవిరి ఎక్కువైతే దానంతటదే తెరుచుకోవలసిన వాల్వు తెరుచుకోలేదు. ఇనుప తీగతో కట్టేసి ఉంది. పని తొందరగా కావాలని కట్టారు. ఫోర్‌మన్ కట్టాడని కేసు పెట్టి ఏడేళ్ళు జైలుకు పంపారు. కానీ మొదటి వారంలోనే ఇద్దరు కార్మికులు విలేఖరితో వేరే మాట చెప్పారు. కట్టింది ఓనరు గారి ఇరవయ్యేళ్ళ కొడుకు అని. కోర్టులో మాట మార్చారు. మూడేళ్ళకి వేరే పేరుతో కంపెనీ మళ్ళీ లేచింది. అందుకే పేజీలో ఇరవై ఎనిమిదేళ్ళు, పెద్దాయన జ్ఞాపకంలో ముప్ఫై నాలుగేళ్ళు."

"పాత పేపర్లో ఎవడో వాగితే నేను హంతకుణ్ణా?" అన్నాడు కొడుకు. గొంతు మామూలుగానే ఉంది.

"కాదు. నిన్న మీరన్న మాట వల్ల. 'చివరికి ఉంచమనే అన్నాడుగా' అన్నారు. కామా గారు ఆ మాట ఎక్కడన్నారు? చర్చలో ఇప్పటికీ తీసెయ్యమనే ఉంది. అభిప్రాయం మారిన సంగతి ఈ కాగితానికి తెలుసు, కామా గారికి తెలుసు. ఆ పొద్దున ఆయన ఎవరికి ఫోన్ చేసి చెప్పారో ఆ మనిషికి తెలుసు. మీ మాట కూడా వినాలని పిలిచారు. పేజీ నిలిస్తే ఈ పేలుడు సంగతి కూడా అందులోకి ఎక్కుతుందని మీరు సందులోంచి వచ్చారు. సంపుటం ఇచ్చెయ్యమంటే ఆయన ఇవ్వనన్నారు. మీరు కత్తితో కోసుకున్న కాగితాలను ఆయన లాక్కుని పిడికిట్లో బిగించారు. అరవకుండా మీరు ఆయన నోరు మూశారు. ఆయన కొరికారు."

"సిస్టర్, ఆ వేలు," అన్నాడు నిదానం వెంటనే.

"కామా గారి పళ్ళ సెట్టులో ముందు పన్ను ఒకటి లేదండి," అంది సిస్టర్. "వేలి మీద గాట్లలో కూడా మధ్యలో ఒక ఖాళీ ఉంటుంది. కట్టు విప్పితే నేను చూపిస్తాను."

ఇన్‌స్పెక్టర్ ఒక అడుగు వేశాడు. కొడుకు ఎడమచేత్తో బల్ల మీది కత్తి అందుకున్నాడు. మొదటి వేటు నిదానం భుజం మీద పడింది. కోటు చీలి, రక్తం మోచేతి దాకా కారింది. రెండో వేటుకు చెయ్యి లేచేలోగా సిస్టర్ అతని కుడి బొటనవేలు రెండు చేతులతో పట్టుకుని, కట్టు మీదే పిండేసింది. అతను జంతువులా అరిచి మోకాళ్ళ మీద కూలాడు. కత్తి జారింది.

అప్పటికే కామా గారి కూతురు స్టూలు ఎత్తి పట్టుకుని ఉంది. ఎవరూ ఆమెను ఆపలేదు, ఆపే వ్యవధి లేదు. స్టూలు అతని చెవి పక్కన నేల మీద పడి, కాలు విరిగి, గోడ దాకా ఎగిరింది. ఆమె విరిగిన స్టూలు వైపు, తర్వాత తన చేతుల వైపు చూసుకుంది.

"పైకి లేపండి వాడిని," అంది ఇన్‌స్పెక్టర్‌తో. "నా బండిలో మాత్రం ఎక్కించను."

కొడుకును తీసుకుపోయాక కూడా పెద్దాయన కుర్చీలోంచి లేవలేదు. సిస్టర్ డిటెక్టివ్ భుజానికి కట్టు కడుతుంటే, ఎవరూ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ ఫోర్‌మన్ నా కాళ్ళు పట్టుకున్నాడు. 'అయ్యా, నేను కట్టలేదు' అన్నాడు. నాకు తెలుసురా అన్నాను. తెలిసే పంపించాను. కొడుకు ఒక్కడే కదా అనుకున్నాను." ఆయన రచయిత వైపు తిరిగాడు. "నా మీద మంచి మంచి మాటలు రాశావుగా బాబూ. ఇప్పుడు ఇది రాసుకో. నేను సంతకం పెడతాను."

"నేను రాయకూడదండి," అన్నాడు రచయిత. "నేను మీ మనిషిని. మీతో సంబంధం లేనివాళ్ళే రాయాలి." అని, పెద్దాయన దగ్గరికి జరిగి, "పోలీసులకి చెప్పండి. పత్రికలు వేస్తాయి. అప్పుడు వాళ్ళు రాస్తారు," అన్నాడు.

*

మూడు వారాల తర్వాత నిదానం, సిస్టర్ ఒక కలప అడితి గేటు దగ్గర ఆగారు. పక్కనున్న ఒంటిగది ముందు, ముక్కాలిపీట మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒకప్పటి ఫోర్‌మన్. జైలు నుంచి వచ్చాక ఎవరూ మిషన్ల దగ్గరికి రానివ్వలేదు, అప్పటినుంచీ ఇక్కడే కాపలా. కళ్ళు సరిగ్గా ఆనవు.

చర్చ ముగిసిందనీ, వ్యాసం ఉంచాలని అందరూ తేల్చారనీ, ముక్కూ మొహం తెలియని పదకొండు మంది కలిసి దాన్ని కొత్తగా రాశారనీ సిస్టర్ ఆయనకు చెప్పింది. తర్వాత ఫోన్ తీసి చదివింది. బాయిలర్ పేలిన రోజు, చనిపోయిన నలుగురి పేర్లు, తీగ కట్టింది ఎవరో, ఏడేళ్ళు జైల్లో ఉన్న ఫోర్‌మన్ ఏ తప్పూ చేయలేదని యజమానే వాంగ్మూలం ఇచ్చిన సంగతి.

ముసలాయన ఫోన్ వైపు వంగాడు.

"ఇది ఎవరైనా చదవొచ్చా అమ్మా?"

"ఎవరైనా చదవొచ్చు తాతా."

"మళ్ళీ ఎవడైనా మార్చేస్తే?"

"మార్చొచ్చు," అన్నాడు నిదానం. "కానీ ఎవరు మార్చారో కనబడిపోతుంది. సరిచేసేవాళ్ళు ఉంటారు."

ఆయన అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల గిన్నెలు సర్దుతున్న చప్పుడు.

"మళ్ళీ చదువు తల్లీ," అన్నాడు. "ఈసారి కాస్త గట్టిగా చదువు. మా ఆవిడకి వినబడాలి."