తీజ్ దాటిన ఉపవాసం

పొద్దున్నే భార్గవి సేమియా పాయసం వండి ఇంట్లో అందరికీ పోసింది. తండ్రి గిన్నెలో జీడిపప్పు ఎక్కువ వేసింది, నానమ్మకు చల్లార్చి ఇచ్చింది. తను మాత్రం గ్లాసుడు వేడినీళ్లు పట్టుకుని ఎండలో కూర్చుంది. స్వెటర్ వేసుకున్నా వణుకుతూనే ఉంది.

ఇల్లందు దగ్గరి ఆ లంబాడీ తండాలో శ్రావణంలో తీజ్ పండగ జరిగింది. పెళ్లికాని ఆడపిల్లలంతా బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతూ, తొమ్మిది రోజులూ ఉప్పు లేని తిండి తిన్నారు. మొలకలు నీళ్లలో కలిపాక మిగతావాళ్లు ఇంటికెళ్లి కడుపునిండా తిన్నారు. భార్గవి ఒక్కతే ఆపలేదు. ఉప్పు తర్వాత అన్నం పోయింది, అన్నం తర్వాత పాలు పోయాయి. ఇప్పుడు చలికాలం.

"భవానీ తల్లికి మొక్కుకున్నది నా మనుమరాలు. ఈ తండాల ఎవలకున్నదే గింత నిష్ఠ?" గడపలో కూర్చుని వచ్చేపోయే వాళ్లకు చెబుతుంది సైదమ్మ. వాళ్లు ఆగి, భార్గవి తల నిమిరి పోతారు.

భార్గవి తల్లి సరళ ఇల్లందు దవాఖానాలో స్టాఫ్ నర్సు. మాత్రను దవడలో దాచిపెట్టి మింగినట్టు నటించే పేషెంటును ఇట్టే పట్టేస్తుందని వార్డులో పేరు. అదే సరళ, "కాలేజీల తిన్ననమ్మా" అని కూతురు అంటే సరేనని టిఫిన్ సర్దుకుని వెళ్లిపోయేది. పిల్ల ముంజేతుల మీద పసిబిడ్డకున్నట్టు నూగు మొలిచింది. నెలసరి ఆగింది. వేళ్ల కణుపుల మీద పళ్లు గీరుకున్న మచ్చలు. అన్నీ చూసింది. చూసి, రక్తం తక్కువేమోనని ఐరన్ మాత్రలు తెచ్చింది.

"పిల్ల పుల్ల లెక్క అయితుంది. నీ దవాఖానాకే తోల్కపోరాదు?" అన్నాడు భర్త కోటేష్.

"తోల్కపోయి ఏం చెప్పాలె? సరళ సిస్టర్ బిడ్డ తిండి తినక పడ్డదంటే రేపు నా మాట ఎవరింటరు?"

"మొక్కు నడిమిట్ల సూదులెందుకురా?" అని సైదమ్మ కొడుకును కసిరింది.

ఆ ఆదివారమే భార్గవి బట్టలు ఆరేస్తూ కూలిపోయింది. నీరసమంటే ఆ చుట్టుపక్కల ఊళ్లలో అందరికీ తోచేది గ్లూకోజు సీసాయే. సరళ కిటికీ ఊచకు సీసా కట్టి, సూది గుచ్చింది. సాయంత్రానికి పిల్ల పాదాలు ఉబ్బాయి, ఊపిరి బరువెక్కింది. నాడి పట్టుకుంటే కొట్టుకుంటూ కొట్టుకుంటూ మధ్యలో తప్పుతోంది. కోటేష్ ఇంకేమీ అడగకుండా ఆటో పిలిచాడు.

ఖమ్మం దవాఖానాలో కళ్యాణి అనే నర్సు భార్గవిని ఏది అడిగినా సరళే జవాబు చెప్పసాగింది.

"మేడం, పిల్లను మాట్లాడనివ్వండి. గ్లూకోజు ఎవరు పెట్టిన్రు?"

"నేనే."

"మీరు నర్సు కదా!"

సరళకు తెలియనిది కాదు. తిండి లేక ఎండిపోయిన ఒంట్లోకి చక్కెర ఒక్కసారిగా పోతే రక్తంలోని లవణాలు పడిపోతాయి, గుండె తడబడుతుంది. తిండి చెంచా చెంచాగా మొదలుపెట్టాలి, ముందు రక్తపరీక్ష చేయాలి. కొత్తగా వచ్చే పిల్లలకు తనే నేర్పిన పాఠమది.

గుండె కుదుటపడ్డ రోజు సైదమ్మ లడ్డూల డబ్బాతో దిగింది. "మొక్కు తీరింది బిడ్డా, తిను. అందరు నిన్నే అడుగుతున్నరు."

"తినను! తింటే మళ్లా ఎవరడుగుతరు?" భార్గవి డబ్బా నెట్టేసింది. "బొద్దుగ ఉన్నప్పుడు ఎవరన్న నా తల నిమిరిన్రా? నువ్వు నిమిరినవా నానమ్మా?"

సైదమ్మ లడ్డూల డబ్బాకు మూత పెట్టింది.

"తిక్క మాటలు వద్దు, భార్గవీ," అంది సరళ.

"నువ్వు మాట్లాడకమ్మా. నేను బాత్రూంల కక్కేది నీకు ఇనపడలేదా? కుళాయి తిప్పుతుంటి, నువ్వు టీవీ సౌండు పెంచుతుంటివి. అదే మీ వార్డుల పేషెంటునయితే రెండో రోజే పట్టుకుందువు. నేను నీ బిడ్డనైన గదా, నీకు ఇజ్జత్ ముఖ్యమాయె!"

కోటేష్ కిటికీ వైపు తిరిగాడు. ఔననాలా, కాదనాలా అని సరళ ఒక్క క్షణం ఆలోచించింది. టీవీ సౌండు పెంచిన మాట నిజమే.

"ఇనపడ్డది," అంది.

ఆ తర్వాత కళ్యాణి పద్ధతి చెప్పింది. పూటపూటకూ కొలిచి పెట్టాలి, తిన్నాక కాసేపు బాత్రూంకు పంపకూడదు, వారం వారం మనసు డాక్టరుతో మాట్లాడించాలి. "నెలలు పడ్తది మేడం. పక్కన కూర్చునేవాళ్లు బతిమాలొద్దు, తిట్టొద్దు. తిన్నదని మెచ్చుకోవద్దు కూడా. మెప్పుకే కదా ఈమె మాడింది."

సరళ సెలవు పెట్టింది. తన వార్డుకు ఫోన్ చేసి, "మా పాప తిండి జబ్బుతోని అడ్మిట్ అయింది," అని దాచకుండా చెప్పింది.

మధ్యాహ్నం జావ వచ్చింది. భార్గవి గిన్నెను తిట్టింది, తల్లిని తిట్టింది, ఏడ్చింది. చల్లారిపోయిన జావను చివరికి కళ్లు మూసుకుని మింగింది. నా బంగారు తల్లీ అన్న మాట సరళ నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి ఆపుకుంది. కళ్లు మాత్రం ఆగలేదు.

భార్గవి అనుమానంగా చూసింది. "ఏమనవా?"

"ఏమనను."

"మరెందుకు కూసున్నవ్?"

"నీ దగ్గర కూసుందామని."

భార్గవి గోడవైపు తిరిగి పడుకుంది. పొమ్మని మాత్రం అనలేదు.