ఏకాదశి నాటి ఎరుపు

"బండి కట్టుర్రి! దీని నెత్తుటి దోషం మా ఇంటికి వద్దు!"

వాకిట్లోంచి అత్త రాములవ్వ అరిచిన అరుపుకు ఐలవ్వ బిడ్డను గుండెకు హత్తుకుంది. ఒడిలో రెండేళ్ల కూతురు బుచ్చవ్వ... తొలి ఏకాదశి మంచిరోజని పొద్దున్నే కంసాలి వచ్చి పాపకు చెవులు కుట్టి వెళ్లాడు. మధ్యాహ్నం దాటినా ఎడమ చెవి నెత్తురు ఆగలేదు! పసుపు అద్దారు, పటిక అద్దారు. సిద్దిపేట బజారంతా తిరిగినా గజం గుడ్డ దొరకని ఆ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, ఉన్న ఒక్క మంచి చీర కొంగూ చించి, వేలితో చెవికి ఒత్తి పట్టింది తల్లి. అయినా తడి... ఎర్రటి తడి! నిరుడు కొడుకు కూడా బొడ్డూడినప్పుడు ఇలాగే నెత్తురు కారి కారి చల్లబడ్డాడు. అప్పుడూ తప్పు ఆమెదే అన్నారు. ఎందుకు ఆమెది? ఆ బిడ్డల ఒంట్లో ఉన్నది ఒక్క తల్లి నెత్తురేనా? ఆ మాట అడిగే నోరు ఆ ఇంట్లో ఎవరికుంది!

ఆమెను మద్దూరులోని తల్లిగారింట్లో దించి రావడానికి చినమామ దుబ్బయ్య ఎడ్లను తోలుకొచ్చాడు. "మా పిలగానికి ఇంకో పిల్ల దొర్కదా ఏంది?" అన్నాడు, గోడ అవతలి ఆడవాళ్లకు వినబడేలా. కట్టుకున్న మొగుడు ఇస్తారి మాత్రం తల వంచుకుని ఎద్దు మెడ నిమురుతూ నిలబడ్డాడు. ఎద్దు మీద ఉన్న జాలి పెళ్లాం మీద లేకపోయె!

రాములవ్వ విసవిసా లోపలికొచ్చింది. ఐలవ్వ పాప చెవి చూద్దామని వేలు ఎత్తబోయింది.

"వేలు తియ్యకే! తీసినవంటె కట్టిన నెత్తురు గడ్డ మల్ల ఊడుతది. బిగవట్టి అట్లనే కూసో!"

ఈమెకెలా తెలుసు? ఐలవ్వ తలెత్తి చూసింది. అత్త మూలకు తిరిగి ఉమ్మింది. ఎర్రగా! నిద్ర లేచింది మొదలు తమలపాకు నమిలే మనిషే... కానీ ఈ రోజు ఉపవాసం. పొద్దుటి నుంచి ఆకు ముట్టలేదు!

"అత్తా... నోట్లె ఆకు లేదు గద. గా ఎరుపేంది?"

రాములవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది. "చిగుర్లకెల్లి నెత్తురు వస్తది బిడ్డా... చిన్నప్పటిసంది. ఇస్తారికి పన్నూడినా గంతే, ఆగకపోయేది. ఎవలన్న చూస్తె ఎల్లగొడ్తరని... ఆకు నములుకుంటనే బతికిన."

"మరి నన్నెందుకు ఎల్లగొడ్తున్నవ్?" ఐలవ్వ గొంతులో ఏడుపు లేదు, మంట ఉంది. "నా కొడుకు పోయిన్నాడు నన్ను పాపిష్టిదానా అన్నవ్! అన్నీ ఎర్కుండి అన్నవ్!"

"బయమైంది..."

"నీ బయానికి నా బతుకు ఆగం చేస్తవా?"

ముసలామె చెయ్యి చాచింది. "నీ చెయ్యి తిమ్మిరెక్కుంటది. ఇగ నేను పట్టుకుంట, తే..."

ఐలవ్వ వేలు తీయలేదు. "నాలుగిండ్లకు ఇనవడేటట్టు తిట్టినవ్. గట్లనే ఆ నిజం చెప్పిరా. గప్పుడిస్త."

రాములవ్వ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసింది. తర్వాత లేచి గడప దాటింది. తెల్లటి ముగ్గు మీద, అందరూ చూస్తుండగా, ఎర్రగా ఉమ్మింది.

"దుబ్బయ్యా, ఎడ్లను ఇప్పు! దోషం దానిది కాదు... గీ నెత్తురు నాది! సూడుర్రి, అందరు సూడుర్రి!"

గోడ మీది తలలన్నీ ఒక్కసారిగా దిగిపోయాయి. ఇస్తారి ముఖం పాలిపోయింది.

రాములవ్వ చేతులు కడుక్కుని వచ్చి, కోడలి వేలి పక్కనే తన బొటనవేలు ఆనించింది. అప్పుడు, గడ్డ కదలకుండా, ఐలవ్వ తన వేలు మెల్లగా జరిపింది. కళ్లలో కోపం ఇంకా చల్లారలేదు.

"గట్టిగ వట్టు అత్తా," అంది. "నీ మనుమరాలే గద!"