కిటికీవైపు తిరిగే కుర్చీ

ఆ మ్యూజియం మేడమీది పడకగదికి ఎప్పటినుంచో చెడ్డపేరు. ఒకప్పటి ఇంటావిడ చివరిదాకా అక్కడే కుర్చీలో కూర్చుని తోట చూసేదట... పోయాక కూడా మానలేదని అక్కడ పనిచేసేవాళ్ల మాట.

తాళాలక్క ఇలాంటివి నమ్మే రకం కాదు. ఇరవై ఏళ్లుగా ఆ ఇంటి తాళాలన్నీ ఆవిడ నడుమునే వేలాడుతున్నాయి, అందుకే ఆ పేరు. రోజూ సాయంత్రం కుర్చీని నేలమీది సుద్దగీతల్లో, చూడవచ్చేవాళ్లకి ఎదురుగా నిలబెట్టి, దుమ్ము పడకుండా ముసుగుగుడ్డ కప్పి, తాళం వేసేది. తెల్లారి చూస్తే కుర్చీ కిటికీవైపు తిరిగి ఉండేది. గుడ్డ నాలుగు మడతలై కిటికీ గట్టుమీద ఉండేది.

క్యూరేటరుకి దెయ్యాలతో పనిలేదు. "తాళం నీ దగ్గరుంటే ఇంకెవరు ముట్టుకుంటారు?" అని రెండు మెమోలిచ్చాడు. మూడోది వస్తే ఇక ఇంటికే. నేను కాదు మొర్రో అని మొత్తుకున్నా వినే నాథుడు లేడు. ఆవిడకి ఒళ్లు మండిపోయింది. చేయని తప్పుకి సంతకం పెట్టేకన్నా ఆ దెయ్యం జుట్టు పట్టుకోవడమే నయమనుకుంది.

ఆ రాత్రి గదికి తాళం వేసి తలుపు ముందే కూర్చుంది.

పన్నెండైంది... రెండైంది... చీమ చిటుక్కుమనలేదు. దెయ్యానికి కూడా నేనంటే లోకువే అని తిట్టుకుంది. తెల్లవారుజామున—

కిర్ర్ర్...

లోపల కుర్చీ జరుగుతోంది.

గబగబా తాళం తీసింది. తలుపు తోసింది. కుర్చీలో ఎవరో... తెల్లటి జుట్టు...

"అరవకమ్మా, నేనే," అన్నాడు ముసలి తోటమాలి, గుసగుసగా.

"నువ్వా తాతా! నా ఉద్యోగం ఊడగొట్టేదాకా నిద్రపట్టదా నీకు?"

"కంచెమొక్కల వరసలు ఇక్కణ్ణుంచి చూస్తేనే తెలుస్తాయమ్మా. ఈ కుర్చీలోంచి చూడ్డానికే వేశారు ఆ తోట. పొద్దుటి వెలుగులో ఎక్కడ వంకరుందో ఇట్టే దొరికిపోతుంది. మేడెక్కనివ్వమని మూడేళ్లుగా అర్జీలు పెడుతున్నా... జవాబు లేదు. అందుకే వెనక మెట్లెక్కి, అందరూ మరిచిపోయిన ఆ తాళంలేని చిన్న తలుపులోంచి వస్తున్నా."

తాళాలక్కకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "ఇదంతా క్యూరేటరుకి రాసిస్తావా?"

"ఇస్తాను. నీమీదకి వచ్చిందని నాకు తెలీదమ్మా. పైగా నువ్వే సాయం చేస్తున్నావనుకున్నా."

"సాయమేంటి?"

"నేనొచ్చేసరికే రోజూ ముసుగు తీసి, మడతపెట్టి ఉంచుతావుగా..."

తాళాలక్క మెల్లగా కిటికీవైపు చూసింది. రాత్రి తను కప్పిన గుడ్డ గట్టుమీద ఉంది. నాలుగు మడతలు.

కుర్చీ సంగతి తాత రాసిస్తాడు, సరే. మడత సంగతి ఎవరిచేత రాయించాలి?