అమ్మ ఏదీ?

"అమ్మ ఏదీ?" అని ఆమె ఫోన్లో అడిగింది.

కంప్యూటర్ల గదిలో ఫ్యాన్ల హోరు. అతనికి "అమ్మ ఐడీ?" అని వినపడింది. ద-కీ డ-కీ మధ్య నాలుకకు ఒక్క మడతే తేడా. ఆ మడతలో ఒక సంసారం పడి నలిగింది.

"అది పాతదండీ. పనికిరాదు. తీసేశాను," అన్నాడు హుషారుగా.

అవతల ఏదో మింగిన చప్పుడు. లైన్ కట్.

సీసాల ఫ్యాక్టరీ అది. టెలిఫోన్ బోర్డు దగ్గర ఇరవై రెండేళ్లు కూర్చున్నావిడను అందరూ హలోగారు అనేవారు. నిరుడు ఆవిడ పోయింది. ఆ కుర్చీలోకి కూతురొచ్చింది: చిన్నహలో. తండ్రి కొలిమి మేస్త్రి. రోజూ భోజనాల వేళ కంప్యూటర్లో సిబ్బంది జాబితా తెరిచి, భార్య ఫొటో చూసుకుని, అప్పుడు క్యారేజీ విప్పేవాడు. ఆవిడ పేరు తీసేయాలని ఎవరికీ తోచలేదు. తోచినా చేతులు రాలేదు.

ఆ జాబితా ఇన్నాళ్లూ క్లౌడ్‌లో ఉండేది. మబ్బుతో ఒప్పందం ఆ సోమవారం సాయంత్రం అయిదింటికి ఆఖరు. పేర్లన్నిటినీ ఫ్యాక్టరీ సొంత డేటాబేస్‌లోకి, అంటే నేలమీదికి, దింపడం ఫోనెత్తిన ఆ కుర్రాడి పని. గళ్ల పట్టికలు గీస్తాడు కనుక టేబుల్‌గారు అయ్యాడు. పది రోజులుగా ఫోన్లో ఆమె "హలో" అంటే చాలు, ఈ టేబుల్‌కి నాలుగు కాళ్లూ వణికేవి.

ఆ రోజు అతనికి ఒక్క కాలూ కలపలేదామె. క్యాంటీన్లో అతను కూర్చోగానే పక్కవాళ్లు లేచిపోయారు. తట్టుకోలేక బోర్డు దగ్గరికి వెళ్లాడు.

"ఏమండీ, నా లైన్ పాడైందా?"

"పాతదండీ. పనికిరాదు. తీసేశాను."

ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. కిటికీ బయట వాన. లోపల కురవడానికి సిద్ధంగా ఇంకొకటి.

"మీరు ఐడీ అడిగారని..."

"ఐడీ ఎవడిక్కావాలండీ? అమ్మ ఏదీ అనడిగాను! నాన్న పొద్దున్నుంచీ వెతుకుతున్నాడు. మబ్బులోంచి అందర్నీ దింపారు, మూడ్రోజులు పనిచేసి మానేసిన వాచ్‌మన్‌తో సహా. మా అమ్మనొక్కదాన్నే అక్కడే వదిలేశారు."

అప్పుడర్థమైంది అతనికి.

"కొత్తదాంట్లో ప్రతి పేరూ ఇంకో పేరుతో ముడిపడాలండీ. మీ అమ్మగారి పై అధికారి పేరు జాబితాలో లేదు. వరస కుదరని పేరును అది తీసుకోదు. అలాంటివన్నీ పాతవే అనుకున్నాను."

"మా అమ్మకి వరస లేదా?"

గోడ గడియారం నాలుగూ ఇరవై.

"ఇంకా టైముంది. చెప్పండి, ఎవరితో కలపను?"

"నాతో కలపండి వరస!" అని అరిచింది.

గుమ్మంలో తండ్రి. "ఎవరితోనమ్మా వరస కలుపుతున్నావ్?"

జవాబు చెప్పే వ్యవధి లేదు. ముగ్గురూ కంప్యూటర్ల గదికి పరిగెత్తారు. అయిదుకి ఆరు నిమిషాలుందనగా హలోగారు నేలకు దిగారు. పేరు, చేరిన తేదీ, పేరు కింద ఆవిడ రాసుకున్న మాట. ఫొటో ఉండాల్సిన చోట మాత్రం బూడిదరంగు సున్నా.

"ఫొటోలు వేరేచోట ఉండేవి," అన్నాడతను. "పనికిరానివని శనివారం సాయంత్రమే చెరిపేశాను. నా చేతులతోనే. ఇక రాదండీ."

ఆమె ఏడ్చింది. ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ పెళ్లినాటివి. బోర్డు ముందు చెవికి రిసీవర్ పెట్టుకుని నవ్వే అమ్మ ఆ ఒక్కదాంట్లోనే ఉండేది.

మేస్త్రి తెరమీద వేలు పెట్టి ఆ మాటను కూడబలుక్కుని చదివాడు. "లైన్లోనే ఉండండి, కలుపుతున్నాను." చాలాసేపు వేలు తీయలేదు.

"మొహం నాకు గుర్తేలే బాబూ. ఈ మాట మర్చిపోతానేమోనని భయం."

మర్నాడు క్యాంటీన్లో టేబుల్‌గారు ఒంటరిగా కూర్చున్నాడు. మేస్త్రి వచ్చి అతని ఎదురుగా క్యారేజీ పెట్టి, గ్లాసు మీద చెంచాతో కొట్టాడు.

"అందరూ వినండి. మా పిల్ల 'అమ్మ ఏదీ' అంది. ఇతనికి 'అమ్మ ఐడీ' అని వినపడింది. తప్పు ఫ్యాన్లది. పిల్లాణ్ణి వెలేయకండి."

నవ్వారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

మూల నుంచి ఎవరో కేకేశారు. "మరి వరస కలపమన్న సంగతేంటి మేస్త్రీ?"

చిన్నహలో తల దించుకుంది. టేబుల్‌గారికి ముద్ద దిగలేదు. మేస్త్రి ఇద్దర్నీ చూసి, క్యారేజీ మూత నెమ్మదిగా విప్పాడు.

"కలుపుతున్నానని హలోగారే అందిగా. లైన్లో ఉండండి."